మగవాళ్ళ వార్డు

టామరాక్, ఉత్తర మిషిగన్
అక్టోబరు 27

రొవీనాకి,

వృద్ధుల హోమ్‌కి చేరాను. డేల్ దారి పొడుగునా రేడియో కట్టలేదు కాబట్టి మాట్లాడుకోవలసిన బాధ ఇద్దరికీ తప్పింది. వాళ్ళమ్మ, మా అక్క లెంపి, బతికున్నన్నాళ్ళూ వాడి చేత నన్ను పిన్నీ అనిపించాలని చూసేది. అక్కతోపాటే ఆ పిలుపూ పోయింది. ఊరు దగ్గరపడ్డాక మాత్రం వాడు రేడియో తగ్గించి ఒక మాట చెప్పాడు. "ఇక్కడందరూ తాతయ్యని ఎరిగినవాళ్ళే మామయ్యా. పద్ధతిగా ఉంటే ఈ మంచం నీది. లేదంటే ఇంకెక్కడ దొరుకుతుందో నాకైతే తెలీదు."

పద్ధతిగానే ఉన్నాను. చక్రాల కుర్చీ తెచ్చిన అమ్మాయితో వాడు "మా మామయ్య, వెయిన్ లాహ్తీ" అన్నాడు. కాదని చెబుదామని నోరు తెరిచాను. ఈలోపు ఆ అమ్మాయి "రండి వెయిన్ గారూ, మగవాళ్ళ వార్డులో మీకు కిటికీ పక్కన మంచం ఉంచాం" అంది. తెరిచిన నోరు మూసేశాను. కాగితాల మీద నేనెప్పుడూ వెయిన్‌నేగా. పేరు మార్పించుకోవే అని నువ్వెంత పోరావు. కోర్టులో నలుగురి ముందూ నిలబడి నేను ఫలానా అని చెప్పుకోవాలంటే నాకు కాళ్ళు ఆడేవి కావు. ఇప్పుడు కాళ్ళు నిజంగానే ఆడటంలేదు.

నువ్వు నవ్వుతావని ఒకటి రాస్తున్నాను. జుట్టు కత్తిరించేశారు. "ఎంత ఉంచమంటారు సార్" అని మంగలి అడిగాడు. నీ ఇష్టం అన్నాను. అతని ఇష్టం చాలా పొట్టిది.

ఇది మాత్రం నవ్వడానికి కాదు. ముప్పై అయిదేళ్ళు మాత్రలు మింగి తెచ్చుకున్న ఆడ ఒంటిని క్రేప్ బ్యాండేజీతో బిగించి చుట్టి, దాని మీద బనియను, దాని మీద గళ్ళ చొక్కా తొడుగుతున్నాను. పడి తుంటి విరిగినప్పుడు పక్కటెముకలు కూడా చిట్లాయని ఆయాలకి చెప్పాను. స్నానం చేయిస్తామంటే వద్దంటున్నాను. తడిగుడ్డ తెప్పించుకుని, బాత్‌రూమ్ తలుపేసుకుని, కుర్చీలోనే ఒళ్ళు తుడుచుకుంటున్నాను. ముసలి మగాడు స్నానానికి మొరాయిస్తే ఇక్కడెవరూ ఆశ్చర్యపోరు. అదొక్కటీ కలిసొచ్చింది.

నా గదిలో ఇంకో మంచం ఆర్మాండ్ అనే ఆయనది. గనిలో పనిచేసి రిటైరయ్యాడు. మా నాన్నతో కలిసి దిగేవాడట. ఫోను మాత్రం చెయ్యకు. నా చెవుల సంగతి నీకు తెలుసు, నువ్వు అరిస్తే తప్ప వినపడదు, అరిస్తే ఆర్మాండ్‌కీ వినపడుతుంది. ఉత్తరాలు రాయి. భోజనాల హాల్లో పేరు పెట్టి పిలిచి పంచుతారు కాబట్టి కవరు మీద వెయిన్ లాహ్తీ అని రాయి. లోపల నీ ఇష్టం.

నీ
ఐలీ


మిల్వాకీ
నవంబరు 6

ఒసే ఐలీ,

లోపల నా ఇష్టం అన్నావుగా, అందుకని మొదలే ఒసే. కవరు మీద నువ్వు చెప్పినట్టే రాశాను. పేరు తప్పుపోతుందేమోనని రెండుసార్లు చూసుకున్నాను. ఇన్నేళ్ళలో నా చేత్తో ఆ పేరు ఎప్పుడైనా రాస్తేగా.

నీకేమైనా మతిపోయిందా? నువ్వు తప్పు చేసి పారిపోయిన ఖైదీవా, బ్యాండేజీలు చుట్టుకుని మొహం దాచుకోడానికి? మా బస్సు డిపోలో నేను మొదటిసారి గౌను వేసుకెళ్ళిన ఏడు నా లాకరుకి రోజూ ఏమేం కాగితాలు అంటించేవారో నీకు తెలుసు. రోజూ పొద్దున్నే అవి పీకి, వాటితోనే బస్సు అద్దం తుడిచి, బండి తీసేదాన్ని. నువ్వేమో పై వాటాలోంచి దిగొచ్చి, బేకరీ నుంచి తెచ్చిన బన్ను నా సంచీలో పడేసి, తలెత్తుకుని వెళ్ళవే అనేదానివి. అన్నదానివి నువ్వే కదా? నాకు ఎవరో చెబితే విన్నానా?

నర్సుకి చెప్పు. ఎవరో ఒక మంచి నర్సు ఉండకపోదు. వృద్ధుల హక్కులు చూసే ఆఫీసు ఒకటుంది. నంబరు కింద రాశాను, నేనే ఫోను చేసి కనుక్కున్నాను. ఇలా చెయ్యకూడదని చట్టం కూడా ఉందన్నారు.

నేనే వచ్చి ఆ డేల్‌గాడి చెవి మెలిపెట్టేదాన్ని. ఈ నెల కాస్త పనుంది. పనేమిటని అడక్కు. క్లైడ్ నా మందులూ సామాన్లూ తెచ్చిపెడుతున్నాడు. డిపోలో మెకానిక్‌గా చేసినవాడు, నీకు గుర్తుండే ఉంటాడు. నా ఆక్సిజన్ సిలిండరు బండి చక్రాలకి నూనె కూడా పెట్టాడు. ఇప్పుడు నేను వంటింట్లోకి వెళ్ళినా కింది వాటా వాళ్ళకి వినపడదు.

నీ గది అలాగే ఉంది. మెట్లెక్కలేను గనక చూడలేదు, క్లైడ్ చూసొచ్చి చెప్పాడు.

తిండి తింటున్నావా? నిజం రాయి.

రొవీనా


టామరాక్
నవంబరు 29

రొవీనాకి,

చట్టం ఉందన్నావు. ఉండే ఉంటుంది. కానీ చట్టం వచ్చి నాకు స్నానం చేయించదు కదే. చేయించేది ఆయాలు. వాళ్ళు సాయంత్రం ఇంటికెళ్ళి మొగుళ్ళతో చెబుతారు, ఆ మొగుళ్ళు డేల్‌తో కలిసి లేళ్ళ వేటకి పోతారు. ఇది మిల్వాకీ కాదు.

ఆర్మాండ్ చెడ్డవాడైతే బాగుండేది. మంచివాడు. నా వణుకు చూసి తన దుప్పటి ఇచ్చాడు. భోజనంలో కూర లోపల పెట్టి కాల్చిన రొట్టె వస్తే, నేను తినటంలేదని తన వంతు ముక్కలు చేసి నా ముందుకు జరుపుతాడు. "మీ నాన్న ఒకసారి నా కాలు రాళ్ళ కింద ఇరుక్కుంటే బయటికి లాగాడు. నీకు నేను రొట్టె తినిపించడం ఓ లెక్కా?" అంటాడు. మొన్న టీవీలో మనలాంటి వాళ్ళ గురించి ఏదో వార్త వచ్చింది. ఒక పిల్ల మాట్లాడుతోంది, పద్దెనిమిదేళ్ళుంటాయేమో. ఆర్మాండ్ నాకేసి తిరిగి నెమ్మదిగానే అన్నాడు, "ఇలాంటివాళ్ళని కన్నవాళ్ళని చూస్తే జాలేస్తుంది వెయిన్. మా రోజుల్లో బావిలో పడేసేవాళ్ళు." తరవాత రిమోట్ నాకిచ్చి "నీకేం కావాలో పెట్టుకో" అన్నాడు. నేను వాతావరణం వార్తలు పెట్టుకున్నాను.

నేను అతన్ని మోసం చేస్తున్నానే. దుప్పటి ఇచ్చింది వెయిన్‌కి. నేను కప్పుకుంటున్నాను.

నిద్ర పట్టటంలేదు. పట్టినా చేతులు రెండూ గుండెల మీద అడ్డం పెట్టుకునే పడుకుంటాను, తెల్లారేసరికి భుజాలు కొయ్యబారిపోతున్నాయి. తలుపు చప్పుడైతే చాలు, ముందు చొక్కా గుండీలు తడుముకుంటాను. ఎవరు ఎక్కడ ఉన్నారు, ఎవరు ఎటు చూస్తున్నారు అన్నది చూసుకోవడంతోనే పగలంతా అయిపోతోంది. సాయంత్రానికి రాళ్ళు మోసినంత అలసట. ఏమీ చెయ్యలేదు, కుర్చీలో కూచున్నానంతే.

మాత్రలు ఆపేశాను. ఆసుపత్రి కాగితాల్లో ఆ మాత్ర పేరు చూసి నర్సు జోలీన్ "ఇది మీకెందుకిచ్చారు" అని అడిగింది. ప్రోస్టేటు జబ్బుకని చెప్పాను, అలా కూడా వాడతారటగా. తగ్గిపోయింది, ఇక వద్దన్నాను. ఆమె కొట్టేసింది. ఇప్పుడు ఒళ్ళు ఒకసారి కాలిపోతుంది, ఇంకోసారి మంచుముద్ద. ఏడుపు వస్తే బాగుండును. అదీ రాదు.

ఇంకో సంగతి. నీ ఉత్తరం దిండు కింద పెట్టుకున్నాను. దుప్పట్లు మార్చడానికి వచ్చిన పిల్ల దాన్ని తీసి, మడత విప్పి, చూసి, మళ్ళీ మడిచి నాకిచ్చింది. ఎంత చదివిందో తెలీదు. ఏమీ అనలేదు. ఉత్తరం చింపి కమోడ్‌లో పోశాను. నీ చేతిరాతని అలా చెయ్యడం ఇదే మొదలు.

అందుకని అడుగుతున్నాను. ఇకనుంచి లోపల కూడా వెయిన్ అనే రాయి. ఒక మగాడు ఇంకో మగాడికి రాసినట్టు. సంతకం నీ పాత పేరుతో పెట్టు. నిన్నేం అడుగుతున్నానో నాకు తెలుసు. చెయ్యలేనంటే రాయకు, నేను అర్థం చేసుకుంటాను. కానీ రాయకపోతే నెలకి ఒక్కసారైనా నన్ను పలకరించే మనిషి ఉండదు.

ఐలీ


మిల్వాకీ
డిసెంబరు 9

వెయిన్‌కి,

ఎలా ఉన్నావురా? నేను బాగానే ఉన్నాను. ఇక్కడ మంచు బాగా పడింది. క్లైడ్ వచ్చి గుమ్మం ముందు పారతో ఎత్తిపోశాడు. ఆదివారం మన టీము మళ్ళీ ఓడిపోయింది. కోచ్‌ని మార్చాలంటున్నారు.

బస్సు డిపో పడగొట్టి ఫ్లాట్లు కడుతున్నారు. చూడ్డానికి వెళ్ళలేదు.

నీ తుంటి ఎలా ఉంది? నడిపిస్తున్నారా? మగవాళ్ళం కాబట్టి ఇంతకంటే అడక్కూడదనుకుంటాను. నేను మగాడిలా ఉత్తరం రాసి చాలాకాలమైంది. ఏం రాసేవాళ్ళమో కూడా గుర్తు లేదు. కార్ల గురించా? నాకు కారు లేదు.

మా పై వాటాలో ఒకావిడ ఉండేది, నీకు గుర్తుందా? బేకరీలో పనిచేసేది. పొద్దున పనినుంచి దిగి వచ్చేటప్పుడు ఆవిడ చేతులకి పిండి వాసన వేసేది. ఆవిడ కబురు ఏమైనా తెలిస్తే రాయి. నేను ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు గాని, ఆవిడంటే నాకు ప్రాణం. ఎదురుపడితే పోట్లాడేదాన్ని తప్ప ఆ మాట అనలేదు. చూడు, అప్పుడే తప్పు రాశాను. పోట్లాడేవాణ్ణి. నువ్వే ఆవిడకి చెప్పు.

ఉంటాను.

రొనాల్డ్ టేట్


టామరాక్
డిసెంబరు 17

రొనాల్డ్‌కి,

ఉత్తరం అందింది. ఇక్కడ కూడా మంచు ఎక్కువగా ఉంది. భోజనం బాగుంటోంది. అందరూ బాగా చూస్తున్నారు. నడిపించడానికి వారానికి మూడుసార్లు ఒకతను వస్తాడు. నాకు నడవాలని లేదు.

నువ్వు అడిగిన ఆవిడ ఇక్కడ లేదు. ఎక్కడా లేదనుకుంటాను. నేను వెతికాను. పొద్దున్నే గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో చూశాను, మా నాన్న కనపడ్డాడు. వెయిన్‌గా ఉండటం నేననుకున్నంత కష్టం కాదు. ఏమీ అనుకోకుండా పడుకుంటే చాలు.

ఆవిడ సామాన్లు ఎవరికైనా ఇచ్చెయ్యి. ఆకుపచ్చ కోటు నీకు పడుతుంది, చేతులు కాస్త పొడుగు, మడిచి కుట్టించుకో. గిన్నెలు క్లైడ్‌ని తీసుకోమను.

పండగ అయ్యాక నాకు ఉత్తరాలు రాయక్కర్లేదు. కోపం వచ్చి కాదు. నీ మీద నాకు ఎప్పుడూ కోపం లేదు. ఆ సంగతి నీకు తెలియాలని రాస్తున్నాను.

వెయిన్


మిల్వాకీ
డిసెంబరు 22

ఐలీ,

ఈసారి కవరు మీద కూడా ఐలీ అనే రాశాను. ఇది నీకు చేరేసరికి నేను చేసిన పని నీకు తెలిసే ఉంటుంది. అయినా నా నోటితో చెప్పాలి.

నీ ఉత్తరం చదివిన అరగంటకి మీ హోమ్‌కి ఫోను చేశాను. జోలీన్ తీసింది. నా గొంతు విని "చెప్పండి సార్" అంది. ఫోనులో ఎవరైనా సార్ అంటే నేను ఎంత గొడవ చేసేదాన్నో నీకు తెలుసు. ఆ రోజు చెయ్యలేదు.

"వెయిన్ లాహ్తీని ఒంటరిగా వదలకండి" అన్నాను.

"ఆయనకి ఒంట్లో బాలేదా?"

"చచ్చిపోవాలనుకుంటున్నాడు."

"మీతో అలా అన్నారా?"

"కోటు ఇచ్చెయ్యమన్నాడు."

"పెద్దవాళ్ళు సామాన్లు పంచెయ్యడం మామూలే సార్" అంది.

"అమ్మా, ఆ మనిషి నాకు నలభై ఏళ్ళుగా తెలుసు. అన్నం తింటున్నాడా?"

"తినటంలేదు."

"నిద్ర?"

"లేదు."

"నా మీద కోపం లేదని రాశాడు. రోజూ నా మీద కోప్పడే మనిషి."

ఈసారి ఆమె మామూలే అనలేదు. "మీరు ఆయనకి ఏమవుతారు?" అంది. స్నేహితుణ్ణి అన్నాను. "ఇప్పుడే వెళ్ళి చూస్తాను" అని పెట్టేసింది.

నీ గుట్టు నేను చెప్పలేదు. దేవుడి మీద ఒట్టు. కానీ నిన్ను కనిపెట్టుకుని ఉండాలంటే గది వెతుకుతారు, ఒళ్ళు చూస్తారు, స్నానాల గదికి ఒంటరిగా పోనివ్వరు. ఫోను కలిపేముందే ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే కలిపాను. రిసీవరు పట్టుకుని ఒకటే అనుకున్నాను, అది నన్ను జన్మలో క్షమించకపోయినా సరే, క్షమించకుండా బతికుంటే చాలునని.

రొనాల్డ్‌ని కూడా చెత్తబుట్టలో పడేశాను. ఆ ఉత్తరం రాశాక మూడు రోజులు మంచం దిగలేదు. ఆ పేరు నా చేత ఇంకెప్పుడూ రాయించకు.

రొవీనా


టామరాక్
జనవరి 11

రొవీనా,

ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం పెన్ను ఇవ్వకపోవడం. నా దగ్గర్నుంచి అన్నీ తీసేశారు. బూట్ల తాళ్ళు కూడా. ఇవాళ కూడా ఒక పిల్ల ఎదురుగా కూచుని చూస్తుంటే రాస్తున్నాను.

ఏం జరిగిందో తెలుసుకోవాలనుందా? విను.

నీ ఫోను వచ్చిన సాయంత్రమే ఇద్దరు ఆయాలు, జోలీన్ వచ్చారు. చొక్కా విప్పమన్నారు. పక్కటెముకలు నొప్పి అన్నాను. "అదే చూడాలి వెయిన్ గారూ" అంది జోలీన్. చేతులు అడ్డం పెట్టుకున్నాను. ఒక ఆయా నా మణికట్లు పట్టుకుంది. గట్టిగా కాదు, చంటిపిల్లలకి పట్టుకున్నట్టు. రెండోది బ్యాండేజీ విప్పింది. అది చుట్ల మీద చుట్లు, ఎంతకీ అవదు. నేను గోడకేసి చూస్తున్నాను. చివరి చుట్టు కూడా విప్పింది, ముగ్గురూ చూశారు. కింద చర్మమంతా ఒరిసి పుండ్లు పడింది. జోలీన్ "మందు తెస్తాను" అని వెళ్ళింది. మణికట్లు పట్టుకున్న ఆయా వదిలేసి, తన చెయ్యి తన గౌనుకి తుడుచుకుంది. కావాలని చేసి ఉండదు. కానీ చేసింది, నేను చూశాను.

తెల్లారేసరికి హోమ్ అంతటికీ తెలుసు. ఆర్మాండ్ నన్ను కాకుండా జోలీన్‌ని పిలిచి "నన్ను వేరే గదికి మార్చండి" అన్నాడు. వెళ్ళేముందు తన దుప్పటి అడగలేదు. నేనే మడిచి అతని ఒళ్ళో పెట్టాను. తీసుకున్నాడు. అతను నాకేసి చూడలేదు. తను బట్టలు మార్చుకునేటప్పుడు నేను ఎక్కడెక్కడ కూచున్నానో అన్నీ లెక్కేసుకుంటున్నాడని నాకు తెలిసిపోయింది.

డేల్ వచ్చాడు. హాల్లోనే నిలబడి "నా పిల్లలు ఈ ఊళ్ళో స్కూలుకెళ్తారు" అన్నాడు. అంతే, ఇంక రాలేదు. ఆడవాళ్ళ వార్డులో పెడదామంటే అక్కడి కూతుళ్ళు ఒప్పుకోలేదట. మగవాళ్ళకీ వద్దు. చివరికి బట్టలుతికే యంత్రాల పక్కన, ఒకప్పుడు చక్రాల కుర్చీలు పెట్టుకునే గదిలో మంచం వేశారు. పగలంతా గోడ అదురుతూ ఉంటుంది. నాకు చెవుడు ఉండటం అదృష్టం.

వారానికోసారి కంప్యూటరు తెర మీద ఒక డాక్టరమ్మ కనపడుతుంది, మనసు సంగతులు మాట్లాడటానికి. పేరు డాక్టర్ ప్రెంటిస్. మొదటిరోజు "మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అని అడిగింది. ఇన్నేళ్ళు ఎవరైనా ఆ ప్రశ్న అడిగితే బాగుండునని కాచుకున్నదాన్ని. నా నోటమ్మట ఏ పేరూ రాలేదు రొవీనా. తెలీదన్నాను. "పర్వాలేదు, తెలిసినప్పుడు చెప్పండి" అంది.

బయటపడితే హాయిగా ఉంటుందని నువ్వు ఎప్పుడూ అనేదానివి. హాయి ఏదీ? దాచుకున్నప్పుడు భయం ఉండేది. ఇప్పుడు భయపడటానికి కూడా ఏమీ మిగల్లేదు. ఇది ఇంకా లోతు.

నన్ను అడగకుండా నా ఒంటిని నలుగురి ముందూ విప్పించావు. మా నాన్న చేసిందీ అదే. నువ్వు ప్రేమతో చేశావు. విప్పినప్పుడు చలి ఒకటే.

బతికే ఉన్నాను. దానికి నా చేత థాంక్స్ చెప్పించాలని చూడకు.

ఐలీ


మిల్వాకీ
జనవరి 19

ఐలీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీ నాన్న మాట దగ్గర ప్రతిసారీ ఆగిపోయాను. పడవలసిన మాటే. పడతాను.

తప్పు చేశానా అంటే నాకు తెలీదు. చేశాననే అనుకుంటాను. కానీ మళ్ళీ అలాంటి ఉత్తరం వస్తే మళ్ళీ అలాగే ఫోను చేస్తాను. అబద్ధం చెప్పి నీ చేత మంచిదాన్ననిపించుకోలేను.

ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదో చెప్పాలి. నవంబరులో పనుందన్నాను చూడు, ఆ పని ఆసుపత్రిలో. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. క్లైడ్ నన్ను ఎత్తుకుని కారెక్కించాడు. నీకు రాస్తే నీ దిగులుకి నా దిగులు తోడవుతుందని రాయలేదు. నువ్వక్కడ బ్యాండేజీలు చుట్టుకుంటున్నావు, నేనిక్కడ ముక్కుకి గొట్టాలు పెట్టించుకుంటూ అంతా బాగుందని రాస్తున్నాను. ఇద్దరికిద్దరం సరిపోయాం.

ఆసుపత్రిలో నాకు కూడా అదే భయం వేసింది. పక్క మంచం ఆవిడ కొడుకు నాకేసి పదేపదే చూస్తుంటే, దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాను. రొవీనా టేట్, మిల్వాకీ అంతటా బస్సు తోలిన మనిషి, దుప్పటి లాక్కుంది. అప్పుడు నీ బ్యాండేజీ సంగతి అర్థమైంది. తలెత్తుకో అని రాయడం తేలిక. తల ఎత్తడానికి ఒంట్లో బలం ఉండాలి, పక్కన ఒక మనిషి ఉండాలి. నీకు ఆ రెండూ లేనప్పుడు, పైపెచ్చు నేను ఉపన్యాసం ఇచ్చాను.

ఇప్పుడు విను. క్లైడ్ వాళ్ళ చర్చి వ్యాను మాట్లాడాడు. చక్రాల కుర్చీ ఎక్కించే తలుపుంది దానికి. ఫిబ్రవరిలో మూడో ఆదివారం బయల్దేరతాం. డాక్టరు వద్దన్నాడు. ఎన్నింటికి వద్దన్నాడో లెక్కలేదు. నిన్ను తెచ్చేసుకుంటానని చెప్పను, నా దగ్గర ఆ మెట్లే ఉన్నాయి, నా ఊపిరి ఇదే. ఇక్కడ మనలాంటి ముసలివాళ్ళని చేర్చుకునే ఇల్లు ఒకటి ఉంది, కింది అంతస్తు గదులు. నీ పేరు రాయించాను. ఖాళీ లేదన్నారు. ఖాళీ అయ్యేదాకా వారంవారం ఫోను చేసి వాళ్ళ ప్రాణం తీస్తాను.

అది అవుతుందో అవదో చెప్పలేను. వచ్చి నీ ఎదురుగా కూచుంటాను. తిట్టాలనుంటే తిట్టు. మొహం చూడనంటే గోడవతలే, ఆ యంత్రాల పక్కన కూచుని తిరిగొస్తాను.

రొవీనా


టామరాక్
ఫిబ్రవరి 4

రొవీనాకి,

నీ ఊపిరితిత్తుల సంగతి దాచినందుకు నాకు కోపం వచ్చింది. కోపం వచ్చిందని ఎందుకు రాస్తున్నానంటే, చాలా రోజుల తరవాత ఏదో ఒకటి వచ్చింది కాబట్టి.

నిన్ను క్షమించానని రాయలేను. రాయాలని కూచున్నాను, చెయ్యి కదల్లేదు.

జోలీన్ పాత మాత్రలు మళ్ళీ తెప్పించింది. ఏమీ అనకుండా నీళ్ళ గ్లాసు పక్కన పెట్టి వెళ్ళిపోయింది. నిద్రకీ దిగులుకీ ఇంకో మాత్ర ఇస్తున్నారు. రాత్రి కాసేపు పడుతోంది. తెల్లవారితే మాత్రం కళ్ళు తెరవడం దండగనిపిస్తుంది. ఆ సంగతి డాక్టరమ్మకి చెప్పాను. "అనిపించినప్పుడల్లా బెల్లు కొట్టి ఎవరికైనా చెప్పండి" అంది. రెండుసార్లు కొట్టాను. మొదటిసారి వచ్చినది, చెయ్యి తుడుచుకుందని రాశానే, ఆ ఆయా. "ఏం కావాలి?" అంది. "చచ్చిపోవాలనిపిస్తోంది" అన్నాను. గుమ్మంలో నిలబడిపోయింది. తరవాత కుర్చీ లాక్కుని కూచుంది. సెల్‌ఫోనులో వాళ్ళ కుక్క బొమ్మలు చూపించింది. చాలా కుక్కలున్నాయి వాళ్ళింట్లో.

నిన్న ఆర్మాండ్ వచ్చాడు. కుర్చీ తోసుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర ఆగాడు, లోపలికి రాలేదు. యంత్రాలు తిరుగుతున్నాయి, పెద్దగా మాట్లాడవలసి వచ్చింది.

"మీ నాన్నకి తెలుసా?" అన్నాడు.

"తెలుసు" అన్నాను.

"కొట్టాడా?"

"మంచులో బట్టల్లేకుండా నిలబెట్టాడు. నాకు పదిహేడేళ్ళు."

ఆర్మాండ్ తన కాలు మీద చెయ్యి వేసుకున్నాడు. "నా కాలు లాగింది ఆయనే" అన్నాడు.

"తెలుసు."

"రెండూ ఆయనే చేశాడంటావు."

"రెండూ ఆయనే."

కుర్చీ తిప్పుకుని వెళ్ళిపోయాడు. నన్ను ఏ పేరుతోనూ పిలవలేదు. ఇవాళ మళ్ళీ వచ్చి అక్కడే ఆగాడు, కాసేపుండి వెళ్ళాడు. దాన్ని ఏమనుకోవాలో నాకు తెలీదు, నువ్వు కూడా ఏదో అనేసుకుని సంబరపడకు.

రావద్దని రాద్దామనుకున్నాను. ఆ రోడ్డు ఫిబ్రవరిలో ఎలా ఉంటుందో నీకు తెలీదు. సరస్సు మీంచి గాలి వచ్చిందంటే ముందున్న బండి కనపడదు. క్లైడ్‌కి చెప్పు, వెనక డిక్కీలో ఇసక బస్తాలు వేసుకోమను. చీకటి పడ్డాక నడపద్దు, దారిలో ఎక్కడో ఒకచోట పడుకుని పొద్దున్నే బయల్దేరండి. నీ సిలిండర్లు రెట్టింపు తెచ్చుకో. ఊళ్ళోకి వచ్చాక పాత గని గోపురం కనపడగానే ఎడమకి తిరగాలి. ముందు గుమ్మం దగ్గర మంచు ఎత్తరు, వెనక లాండ్రీ వైపు రండి, ర్యాంపు ఉంది. అది నా గదికి దగ్గర కూడాను.

ఒక మాట ఇవ్వగలను. అంతకన్నా పెద్దది అడక్కు. నువ్వు ఆ ర్యాంపు ఎక్కి వచ్చేదాకా ఉంటాను. ఆ తరవాత సంగతి ఇప్పుడు నాకు తెలీదు. నువ్వు వచ్చి కూచున్నాక నీ మొహం చూసి చెబుతాను.

ఐలీ